కొత్త రైఫిల్ బ్యారెల్‌కి బ్రేకిన్: బావమరిది చెప్పింది, బాబాయి చెప్పింది, నేను చేసింది

కొత్త రైఫిల్ కొన్నవాడు దాన్ని ఇంటికి తెచ్చేలోపే ఎవరో ఒకరు అడుగుతారు, "బ్రేకిన్ చేస్తావా?" అని. బ్రేకిన్ అంటే కొత్త బ్యారెల్‌ని, అదే తుపాకీ గొట్టాన్ని, మొదట్లో ఒక్కో గుండు పేల్చి ప్రతిసారీ లోపల తుడుస్తూ వాడకానికి అలవాటు చేయడం. చేయకపోతే బ్యారెల్ పాడైపోతుందని ఒకరు, అదంతా ఉత్త కబుర్లని ఇంకొకరు. నా మాట ముందే చెప్పేస్తాను. మన లైసెన్సుల మీద దొరికే తూటాలతో, అందులోనూ మన గోదావరి గాలిలో, దీని మీద పెట్టే బుర్రలో సగం తుప్పు మీద పెడితే ఆ బ్యారెల్ బాగుపడుతుంది. అయినా నేను బ్రేకిన్ చేశాను, పూర్తిగా కాదు, కొంతవరకు. ఎందుకు మొదలుపెట్టానో, లోపల ఏం కనిపించిందో, ఎక్కడ ఆపేశానో రాస్తున్నా, పనికొస్తే తీసుకోండి.

మాది అమలాపురం దగ్గర ఊరు, కొంత కొబ్బరి, కొంత లంక భూమి. తాతగారి కాలం నుంచి ఇంట్లో డబుల్ బ్యారెల్ ట్వెల్వ్ బోర్ తుపాకీ ఉండేది. నాన్నగారి తర్వాత లైసెన్సు నా పేరు మీదకి మార్పించుకోవడం ఒక పెద్ద కథ, అది ఇక్కడ వద్దు. 2016 ఆర్మ్స్ రూల్స్ వచ్చాక ఆయుధం ఎలా పట్టుకోవాలో, ఎలా భద్రపరచాలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కూడా కావాలి, అది మాత్రం మంచి పనే. పాత తుపాకీ లాకు వదులైపోయింది, బాగుచేయించినా నమ్మకం లేదు. దాన్ని డీలరుకి ఇచ్చేసి, ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్ తీసుకున్నాను.

ఈ .315 తెలియనివాళ్లకి రెండు ముక్కలు. సైన్యం వాడే .303 సామాన్యుల చేతిలో ఉండకూడదని బ్రిటిష్ వాళ్లు పెట్టిన రూలు వల్ల, వేరే సైజు తూటా కావలసి వచ్చింది. ఆస్ట్రియా వాళ్ల పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిచర్ తూటా మీద ఆధారపడి వచ్చిందే ఈ .315. రైఫిల్ యంత్రాంగం మాత్రం అదే పాత లీ ఎన్‌ఫీల్డ్. తుపాకీ బెంగాల్‌లో ఇషాపూర్‌లో తయారవుతుంది, తూటాలు పుణె పక్కన ఖడ్కీలో. తూటా అడుగున కేఎఫ్ అని అచ్చు ఉంటుంది చూడండి, అది ఖడ్కీ ఫ్యాక్టరీ గుర్తు. 2021లో ఆయుధాలు చేసే ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఈ రెండు ఫ్యాక్టరీలూ రెండు వేరే కంపెనీల కిందకి పోయాయి. మనకి మాత్రం తేడా ఏమీ తెలియదు, దొరికినప్పుడు దొరుకుతాయి, లేనప్పుడు లేవు.

ఇక బావమరిది. టెక్సాస్‌లో ఉంటాడు, వారాంతం వస్తే రేంజికే. రైఫిల్ కొన్నానని చెప్పగానే ఆ రాత్రే వాట్సాప్‌లో పెద్ద మెసేజ్: "బావా, ముందు ఒక్క గుండు పేల్చు, పూర్తిగా క్లీన్ చెయ్యి, మళ్లీ ఒక్కటి, మళ్లీ క్లీన్, అలా ఓ పది. తర్వాత మూడేసి పేల్చి క్లీన్, ఆ తర్వాత ఐదేసి. అప్పటిదాకా గ్రూపులు, అదే గుండ్లు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో, అవీ చూడొద్దు." లెక్కేస్తే ముప్పై నలభై తూటాలు. వాడికి అదొక లెక్కే కాదు, డబ్బాలు డబ్బాలు కొని గ్యారేజీలో పెట్టుకుంటాడు. నాకు లైసెన్సు పుస్తకంలో రాసినంతే ఇస్తారు, కొన్న ప్రతి తూటా ఎంట్రీ పడుతుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు గొట్టం తుడిచే రాడ్డు, దాని చివర బిగించే జాగు, ఆ జాగుకి చుట్టే గుడ్డముక్కలు, అదే ప్యాచులు, బ్రష్షు అన్నీ పట్టుకొచ్చాడు. గొట్టంలో అంటుకున్న రాగిని కరిగించే సాల్వెంట్ తేలేదు, మండే సరుకు కాబట్టి విమానంలో రానివ్వరు. అది ఇక్కడే ఒక డీలరు దగ్గర దొరికింది. అన్నట్టు ఆ పండగ మూడు రోజులూ చుట్టాలందరిదీ ఒకటే గోల, "ఏమండి, కొత్తది తెచ్చారట, ఓసారి పేల్చి చూపించండి" అని. పందేల బరి దగ్గర పేలిస్తే ఎంత వైభోగమో అని ఒక పెద్దాయన ఉబలాటం. 2019 సవరణ తర్వాత సంబరాలకి తుపాకీ పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అంతవరకూ పోకుండానే లైసెన్సు పోతుంది. లంకల్లో పందులు పడ్డాయని వెళ్లి పేల్చడం కూడా కుదరదు, వన్యప్రాణి చట్టం ఉంది, ఆ అనుమతుల దారి వేరే. కాబట్టి బ్రేకిన్ అయినా ఇంకేదైనా రేంజిలోనే. మా చుట్టుపక్కల పెద్ద బోరు పేల్చుకునే చోటు లేక వేరే జిల్లాకి పోవాల్సి వచ్చింది, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఫీజు కట్టి.

బావమరిది చెప్పే సిద్ధాంతం కొట్టిపారేసేది కాదు. తూటా కూర్చునే చాంబర్‌ని రీమర్ అనే పనిముట్టుతో కోస్తారు. అది గుండ్రంగా తిరుగుతూ కోస్తుంది కాబట్టి, బుల్లెట్ చాంబర్ దాటి గొట్టం లోపల కోసిన గాడుల్లోకి ఎక్కే చోట, దాన్నే త్రోట్ అంటారు, అడ్డంగా సన్నటి గీతలు, గరుకు మిగులుతాయి. బుల్లెట్ పోయేది పొడవునా, గరుకు ఉన్నది అడ్డంగా. బుల్లెట్ మీద ఉన్న రాగి తొడుగు అక్కడ గీసుకుంటుంది, ఆ వేడికి ఆ రాగి పొడి ఆవిరై మందు గ్యాసుతో పాటు ముందుకి పోయి గొట్టంలో అంటుకుంటుంది. దాన్ని తీయకుండా మళ్లీ పేలిస్తే రాగి మీద రాగి పేరుకుంటుంది. ఒక్కో గుండుకీ తీసేస్తూ పోతే బుల్లెట్ ఉక్కుకే రాసుకుంటూ ఆ గరుకుని కొంచెం కొంచెం అరగదీస్తుంది. క్రీగర్ లాంటి పేరున్న అమెరికా బ్యారెల్ కంపెనీ చెప్పేది ఇదే.

ఇందులో ఒక మెలిక ఉంది, బావమరిది మెసేజ్‌లో అది లేదు. క్రీగర్ వాళ్ల బ్యారెల్ లోపలంతా చేత్తో సానపట్టి వస్తుంది, పొడవునా నున్నగా. దానికి మిగిలిన గరుకు ఆ త్రోట్ దగ్గర అంగుళం లోపే. అక్కడ కొన్ని గుండ్లతో పని అయిపోతుందంటే అర్థం ఉంది. ఫ్యాక్టరీ రైఫిల్ బ్యారెల్ అలా కాదు, ఈ మూల నుంచి ఆ మూల దాకా పనిముట్టు గుర్తులు ఉండొచ్చు. పది గుండ్లకి అరిగిపోయేవి కావవి. అంటే బ్రేకిన్ ఎవరికి బాగా పనిచేస్తుందో వాళ్లకి దాని అవసరం తక్కువ, ఎవరికి అవసరమో వాళ్లకి అది చాలదు. నాకు దీని మీద మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది.

ఇంకో బ్యారెల్ కంపెనీ ఉంది, షైలెన్ అని. వాళ్లు ఇంకా సూటిగా చెప్పారు, కస్టమర్లు అడుగుతున్నారు కాబట్టి ఒక పద్ధతి రాసి పెట్టాం తప్ప ఇది పెద్ద విషయం అని మేం అనుకోవడం లేదు అని. గేల్ మెక్‌మిలన్ అనే ఆయన, ఈయనా బ్యారెళ్లు చేసినవాడే, మరీ ఘాటుగా అన్నాడు. బ్రేకిన్ పేరుతో పేల్చే ప్రతి గుండూ బ్యారెల్ ఆయువు తింటుంది, త్వరగా అరిగితే మళ్లీ కొనుక్కుంటారు కదా, అమ్మేవాడికి లాభమే అని ఆయన వాదన. నాకు ఈ వాదన కూడా మన దగ్గర అతకదనిపిస్తుంది. .308 లాంటి తూటాకే బ్యారెల్ కొన్ని వేల గుండ్లు వస్తుంది. .315 అంతకన్నా మెత్తని తూటా, ఒత్తిడి తక్కువ. నాకు ఏడాదికి దొరికే తూటాలన్నీ పేల్చుకుంటూ పోయినా ఈ బ్యారెల్ నా తర్వాత మా అబ్బాయికి కూడా మిగులుతుంది. వాళ్ల దేశంలో ఖరీదైనది బ్యారెల్, మన దేశంలో ఖరీదైనది తూటా. వాళ్ల తగువుని మనం ఎత్తుకొచ్చి పెట్టుకుంటే ఎటూ తేలదు.

ఇప్పుడు బాబాయి. మా పిన్ని భర్త, రిటైర్డ్ హవల్దార్, మాధవరం ఆయన. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం అంటే మన జిల్లాల్లో తెలియనివాళ్లు ఉండరు, ఇంటికో సిపాయి ఉన్న ఊరు. సైన్యంలో ముందు ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ మోసి, తర్వాత ఇన్సాస్ రైఫిల్ మోసి వచ్చిన మనిషి. బ్రేకిన్ గురించి నేను చెబుతుంటే కాఫీ తాగుతూ అంతా విన్నాడు, గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, స్టోర్‌లోంచి కొత్త రైఫిళ్లు గ్రీజుతో వచ్చేవి. గ్రీజు తీసేవాళ్లం, తుడిచేవాళ్లం, గురి సరిచూసి జీరో చేసేవాళ్లం. అంతే. ఒక గుండు పేల్చి ఒకసారి తుడవండి అని ఏ ఉస్తాదూ చెప్పలేదు. తుడవకపోతే మాత్రం గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాడు" అన్నాడు. ఆగి ఇంకో మాట కూడా అన్నాడు, "అయినా ఇది కొత్తదని ఎవడు చెప్పాడు నీకు? ప్రూఫ్ ఫైరింగ్ చేయకుండా ఫ్యాక్టరీ గేటు దాటుతుందా?"

ఆ మాటతో నాకు బుర్ర తిరిగింది. నిజమే, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటాతో పరీక్షించి, ప్రూఫ్ ముద్ర కొట్టాకే బయటికి వస్తుంది. అంటే నా బ్రేకిన్‌లో మొదటి గుండు నాది కాదు, దాని తర్వాత ఎవరైనా జాగ్రత్తగా తుడిచారన్న భరోసా కూడా లేదు. ఇంటికి తెచ్చిన రోజే, ఒక్కటీ పేల్చకుండా, బోల్టు తీసి గ్రీజు తుడిచి, లైటు పెట్టి మూతి వైపు నుంచి చూస్తే గాడుల మధ్య అక్కడక్కడా రాగి చార కనిపించింది.

(ఈ లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు తీయడం తేలికే, వెనక్కి లాగి ముందు తల పైకి తిప్పితే వచ్చేస్తుంది. కాకపోతే ఒక రైఫిల్ బోల్టు ఇంకో దానికి పెట్టకూడదు, తూటా అడుగుకీ బోల్టు ముఖానికీ మధ్య ఉండాల్సిన సందు దానికి దానికే కుదిర్చి ఉంటుంది. నంబరు చూసుకోండి.)

సరే, చివరికి నేను చేసింది ఇద్దరికీ మధ్యలోది. బావమరిది చెప్పిన నలభై కాదు, బాబాయి చెప్పిన సున్నా కాదు. మొదట్లో కొన్ని గుండ్లు, ఒక్కొక్కటిగా, మధ్యలో శుభ్రం చేస్తూ పేలుద్దాం, ప్యాచ్ మీద రంగు ఎలా మారుతుందో చూద్దాం, ఎలాగూ సైట్లు సరిచూసుకోవడానికి కొన్ని పేల్చాలి కదా, అవే ఇవి అనుకుందాం. బ్రేకిన్‌కని తూటా విడిగా ఖర్చవదు అనుకున్నాను. ఈ లెక్కలో ఒక తప్పు ఉందని తర్వాత తెలిసింది, అది కింద చెబుతాను.

రేంజికి బాబాయి కూడా వచ్చాడు. పొద్దున్నే మొదలుపెట్టాం, ఎండెక్కితే గొట్టం మీద నుంచి లేచే సెగలో టార్గెట్ ఊగుతుంది. ముందు పొడి ప్యాచ్ రెండు మూడు లాగి బోరు పూర్తిగా ఆరబెట్టాలి, ఇది తప్పనిసరి. నూనె గానీ గ్రీజు గానీ లోపల నిండుగా ఉండగా పేలిస్తే ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం ఉబ్బే ప్రమాదం కూడా ఉంది. ఒక గుండు. బోల్టు తీసి, వెనక వైపు నుంచి రాడ్డు దింపి, సాల్వెంట్ ప్యాచ్. కొన్ని నిమిషాలు ఆగి ఇంకో ప్యాచ్. అది బయటికి వచ్చేసరికి నీలం. లేత నీలం కాదు, రొయ్యల చెరువు గట్టు మీద మైలుతుత్తం నానబెట్టిన బకెట్లో కనిపించే నీలం. అందులో వింత లేదు, రెండింట్లోనూ ఉన్నది రాగే, సాల్వెంట్‌లో ఉన్న అమోనియా రాగిని కరిగించి ఆ రంగు తెస్తుంది. ఆక్వా చేసేవాళ్లకి ఆ వాసన కొత్తగా చెప్పక్కర్లేదు.

మళ్లీ గుండు, మళ్లీ ప్యాచ్, మళ్లీ నీలం. ఎంత తుడిచినా నీలం పోవడం లేదు. బాబాయి పక్కన కుర్చీలో కూర్చుని చూసి చూసి, "ఆ రాడ్డు చివర ఉన్నదేమిట్రా, ఇత్తడి కాదూ?" అన్నాడు. ఇత్తడిలో ఉన్నదీ రాగే కదా. గొట్టంలో పెట్టకుండా బయటే జాగుకి కొత్త ప్యాచ్ చుట్టి, సాల్వెంట్ చుక్కలు వేసి పక్కన పెట్టాం. కాసేపటికి అదీ నీలం. అంటే మేం చూస్తున్న రంగులో గొట్టం వాటా ఎంతో, జాగు వాటా ఎంతో ఎవడికి తెలుసు? బ్రేకిన్ అయిందా లేదా అని చెప్పే పరీక్ష మొత్తం ఈ రంగు మీదే ఆధారపడి ఉంది, ఆ పరీక్షలోనే ఇంత దగా ఉంది. నికెల్ పూత ఉన్నదో ప్లాస్టిక్‌దో వాడాలి, లేదా ప్యాచ్‌ని ఆగకుండా ఒక్క ఊపున బయటికి తోసెయ్యాలి. మేం రెండోది చేశాం. ఆ జాగు .30 బోరుదేమో, మన దాంట్లో వదులుగా ఆడుతోంది, ప్యాచ్ రెండు మడతలు వేస్తేగానీ బిగువు రాలేదు. మీరు కొంటే 8 మిల్లీమీటర్లది అడిగి కొనండి.

అప్పటి నుంచి రంగు నమ్మదగ్గదయింది. నిజమే, మొదటి గుండుకీ తర్వాత వాటికీ తేడా ఉంది, నీలం కొంచెం కొంచెం పల్చబడింది. బావమరిదికి ఈ మాట చెబితే "చూశావా" అన్నాడు. కానీ పల్చబడటం ఒక చోటకి వచ్చి ఆగిపోయింది, అక్కడి నుంచి ప్రతి గుండుకీ దాదాపు అదే రంగు. గొట్టం గరుకు దాని స్వభావం, అంతకన్నా నునుపు కాదు. అక్కడితో నేనూ ఆపేశాను. ఇంకో ఇరవై పేల్చి ఉంటే ఇంకా తగ్గేదేమో అంటాడు వాడు. ఉండొచ్చు. తగ్గితే ఏం చేసుకోను? తుడిచేటప్పుడు రెండు ప్యాచులు తక్కువ పడతాయి, అంతే కదా.

"మరి గురి?" అంటారు. దానికే వస్తున్నా. బ్రేకిన్ వల్ల గురి బాగుపడిందని చెప్పడానికి నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరైనా రుజువు చూపించడం కష్టం, ఎందుకంటే ఒక బ్యారెల్ ఒక్కసారే కొత్తగా ఉంటుంది. దానికే బ్రేకిన్ చేసి, మళ్లీ దానికే చేయకుండా పోల్చి చూడలేం. రెండు బ్యారెళ్లు తీసుకుంటే అవి పుట్టుకతోనే వేరు. పైగా నాది టెలిస్కోప్ లేని రైఫిల్, ముందు సైటు వెనక సైటు కలిపి, నా కళ్లజోడుతో, నూరు మీటర్ల దూరం. నా గుండ్లు నాలుగంగుళాల్లో పడితే నాకు పండగ. అందులో బ్యారెల్ తప్పు ఎంత, నా భుజం తప్పు ఎంత, తూటాకీ తూటాకీ మందులో ఉన్న తేడా ఎంత! బ్రేకిన్ అర అంగుళం తగ్గించినా ఈ గందరగోళంలో అది కనపడే ఛాన్సే లేదు. బాబాయి అదే రైఫిల్ తీసుకుని, కింద పడుకుని, స్లింగ్, అదే తుపాకీ పట్టీ, చేతికి చుట్టుకుని పేల్చాడు, నా గ్రూపులో సగం. ఆ ఐదు గుండ్ల మధ్య ఆయన ఒక్కసారి కూడా తుడవలేదు.

ఒక్క విషయం మాత్రం స్పష్టంగా కనిపించింది, అది పనికొచ్చేది. పూర్తిగా శుభ్రం చేసి కొంచెం నూనె తడి ఉన్న గొట్టంలోంచి వచ్చే మొదటి గుండు మిగతావాటితో కలవదు, విడిగా, మాకైతే కాస్త పైన పడింది. రెండో మూడో గుండు నుంచి దారిలో పడతాయి. అందుకే పోటీల్లో పేల్చేవాళ్లు లెక్కకి రాని గుండు ఒకటి ముందు పేలుస్తారు. అంటే చూడండి, ఒక్కో గుండుకీ తుడుస్తూ సైట్లు సరిచేద్దామని కూర్చుంటే ప్రతి గుండూ ఆ మొదటి గుండే అవుతుంది, సైట్లు ఎప్పటికీ తేలవు. తుడవడం ఆపేశాకే నాకు జీరో కుదిరింది.

రేంజి కబుర్లు ఇంతే. గొట్టం వేడెక్కితే ఆగండి, చేత్తో పట్టుకోలేనంత వేడి వచ్చేదాకా పేల్చకండి. త్రోట్‌ని తినేది వేడి గ్యాసే.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టిన విషయం. ఖడ్కీ తూటాలు డీలరు దగ్గర ఏ ఏడాదివి దొరికితే అవే తీసుకోవాలి. పాతకాలపు ప్రైమర్లలో, అంటే తూటా అడుగున ఉండి మందుకి నిప్పంటించే వాటిలో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, మన వంటింటి ఉప్పుకి తోబుట్టువు. అది గొట్టంలో పొరలా కూర్చుని గాలిలోని తేమని లాక్కుంటుంది. నూనెతో తుడిస్తే పోదు, రాగి సాల్వెంట్‌తో పోతుందన్న నమ్మకం లేదు, ఉప్పు నీటికే కరుగుతుంది. నా తూటాల్లో ఏ ప్రైమర్ ఉందో విప్పి చూడలేను కాబట్టి ఉన్నట్టే అనుకుని పని చేస్తాను. బాబాయి తన ఉస్తాదుల దగ్గర నేర్చుకున్నది అదే: ఇంటికి రాగానే బోల్టు తీసి, రైఫిల్‌ని మూతి కిందకి పెట్టి, చాంబర్ వైపు నుంచి గరాటుతో సలసల మరిగే నీళ్లు పొయ్యడం. మరిగే నీళ్లే ఎందుకంటే గొట్టం వేడెక్కి తనంతట తనే ఆరిపోతుంది. కర్ర భాగంలోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి. తర్వాత పొడి ప్యాచులు, తర్వాత సన్న నూనె. మా ఆవిడ మొదటిసారి చూసి, స్టవ్ మీద తుపాకీకి నీళ్లు కాస్తున్నారని పుట్టింటికి ఫోన్ చేసి చెప్పింది.

అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, చుట్టూ కాలవలు, చెరువులు, వానాకాలంలో గోడలకే చెమ్మ. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అప్పుడు లంకల్లో ఇళ్లలోకే నీళ్లు. అలాంటి చోట ఉండే రైఫిల్‌కి అమెరికా పొడి ఊళ్లలో రాసిన జాగ్రత్తలు సరిపోవు. మా చుట్టాల్లో ఒకరి పాత తుపాకీ తోలు కవర్లో పెట్టి అటక మీద దాచారు. తోలు తేమ పీల్చి పట్టుకుని ఉంటుంది, ఏడాది తర్వాత తీస్తే కవర్ కుట్టు ఎక్కడుందో గొట్టం మీద తుప్పు గీతగా అచ్చు పడింది. బ్రేకిన్ చేయని బ్యారెల్ పాడైపోగా నేను చూడలేదు గానీ, తుప్పు పట్టి గుంటలు పడ్డవి మా తాలూకాలోనే చూశాను. గుంట పడ్డాక ఏ సాల్వెంటూ దాన్ని పూడ్చదు.

కోనసీమ కదా, ప్రతివాడూ చెప్పేది కొబ్బరినూనె. వద్దు. చలికాలం పొద్దున పేరుకుంటుంది, పాతబడితే మక్కువాసన వచ్చి జిగురు కడుతుంది, బోల్టు స్ప్రింగులో పడితే దాన్ని తీయలేక చావాలి. కుట్టుమిషను నూనె వాడుకోండి, పల్చగా, చౌకగా, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఎక్కువ రోజులు పెట్టేసేటట్టయితే పైన పల్చగా గ్రీజు. తోలు కవరూ వద్దు, గుడ్డ కవరూ వద్దు. ఇనప బీరువాలో నిలువుగా, కింద సిలికా జెల్ పొట్లాలు. రంగు మారే రకం కొనండి, నీలం గులాబీ రంగుకి తిరిగితే తేమ తాగేసిందని అర్థం, మళ్లీ వేడి చేస్తే నీలం అవుతుంది. వానాకాలంలో నా పొట్లాలు ఎంత త్వరగా గులాబీ అవుతాయో చూసి బావమరిదికి ఫొటో పంపిస్తే వాడు నమ్మలేదు. పెద్దవాళ్లు బియ్యం డబ్బాలో పెట్టమంటారు, ఆ తవుడు దుమ్ము లోపలికి పోతుంది, అదీ వద్దు.

రాడ్డు లేనివాళ్లు పుల్‌త్రూతో లాగుతారు, అదే తాడు, చివర బరువు, ఇంకో చివర చిందీ, అంటే గుడ్డపీలిక. తప్పు లేదు, సైన్యమంతా దానితోనే నడిచింది. కాకపోతే తాడుని గొట్టానికి తిన్నగా లాగాలి. ఓ పక్కకి లాగితే తాడు మూతి అంచుకి రాసుకుని ఏళ్ల మీద అక్కడ గాడి పడుతుంది, బుల్లెట్ చివరగా వదిలేది ఆ అంచునే, అక్కడ తేడా వస్తే గురి తప్పుతుంది. పాత .303లు చాలా వాటికి ఈ జబ్బు ఉండేదని బాబాయి చెబుతాడు. రాడ్డున్నా వెనక నుంచే దింపండి, మూతి దాటాక ప్యాచ్ తీసేసి రాడ్డు వెనక్కి లాక్కోండి. అమోనియా సాల్వెంట్ రాసి రాత్రంతా వదిలేయకండి, డబ్బా మీద రాసిన టైము చూసి తుడిచేసి నూనె పెట్టండి. కిటికీ తీసుకుని చేయండి, ఆ వాసనకి కళ్లు మండుతాయి.

ఇంకొకటి, ఇది ఏ అమెరికా వాడూ చెప్పడు. ఎన్నికలు వస్తే ఆయుధం స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు, 2024లో మా అందరివీ పోయి కూర్చున్నాయి. అక్కడ బీరువా పక్కన బీరువా, ఫ్యానైనా తిరగదు, కోడ్ అయిపోయి ఆర్డరు వచ్చేదాకా మనం వెళ్లి తుడుచుకుంటాం అంటే కుదరదు. పక్కూరాయన తనది ఎలా ఉన్నది అలా ఇచ్చేశాడు, తిరిగి వచ్చాక బోల్టు మీద ఎర్రగా వచ్చింది, గొట్టం లోపల కూడా. నేను ఇచ్చే ముందు రోజు మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, బోరు నిండా గ్రీజు పట్టించి, పైన ఇనుము కనిపించే చోటల్లా రాసి ఇచ్చాను. రసీదులో నంబరు, బోల్టు నంబరు, పైన ఉన్న గీతలతో సహా రాయించుకోండి, ఫోన్లో ఫొటోలు తీసుకోండి, స్టేషన్ రైటర్ గారు విసుక్కున్నా పర్లేదు. తిరిగి తెచ్చుకున్నాక ప్యాచ్ దింపితే గ్రీజు ఎలా పెట్టానో అలాగే వచ్చింది. ట్రిగ్గర్ గార్డుకి ఒక అట్టముక్క కట్టి, బోరులో గ్రీజు ఉంది, తుడవకుండా పేల్చరాదు అని పెద్ద అక్షరాలతో రాయడం మర్చిపోకండి. ఇంట్లో మీరే తుడుస్తారు కాబట్టి మీకోసం కాదు, మధ్యలో ఎవరి చేతుల్లో పడుతుందో మనకి తెలియదు కదా.